టీలో పాయింట్ జీరో ఫైవ్

బాబాయిది సోంపేట దగ్గర పల్లె. ఎగువ అస్సాం టీ తోటల్లో అసిస్టెంటుగా చేరి, మేనేజరుగా రిటైరై ఊరికి వచ్చాడు. ఆయన అన్న కూతురు హైదరాబాదులో ఒక ల్యాబులో కెమిస్టు. ఆహార పదార్థాల్లో పురుగుమందుల అవశేషాలు కొలవడం ఆమె పని. ఇద్దరినీ నేనే కల్పించాను. వాళ్ల నోట వచ్చే తేదీలు, అంకెలు మాత్రం ఉన్నవే.

బాబాయి: ఒకటే తోట, ఒకటే ఆకు, ఒకటే మందు. మార్చి 6న యూరపు వాడికి అది టీ. మార్చి 7న విషం. ఒక్క రాత్రిలో ఆ ఆకులో ఏం మారిందో చెప్పు అమ్మడూ.

అమ్మడు: థయామెథాక్సామ్ సంగతేనా?

బాబాయి: ఇంకేముంది! కిలో టీ పొడిలో 20 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చని వాళ్లే రాసుకున్నారు. అంతర్జాతీయంగా కోడెక్స్ పెట్టిందీ ఆ ఇరవయ్యే. దాన్ని 2026 మార్చి 7 నుంచి 0.05 చేశారు. నాలుగు వందల రెట్లు కిందికి!

అమ్మడు: రాత్రికి రాత్రి కాదు. ఆ నిబంధన 2023 ఫిబ్రవరిలోనే వచ్చింది, మూడేళ్లు గడువిచ్చారు. ఆ తేదీకి ముందే దిగుమతైన సరుకుకు పాత లెక్కే వర్తిస్తుంది.

బాబాయి: గడువు సంగతి సరే, కారణం చదివావా? తాగేవాడి ఆరోగ్యం కోసం కాదట, తేనెటీగల కోసమట. 2018లో వాళ్ల పొలాల్లో ఆరుబయట వాడకం ఆపేసుకున్నారు, బాగానే ఉంది. మా తోటలో తేనెటీగకు వాళ్లెందుకు కాపలా? వారం వారం ఆకు కోసే పొదకు పూత ఎక్కడిది?

అమ్మడు: పొదకు లేకపోతే నీడ చెట్లకు ఉండదా? కింద కలుపుకు ఉండదా? అది నీళ్లలో కరిగే మందు. నేలలోకి దిగుతుంది, కాలవలో పడుతుంది, పక్కవాడి ఆవాల చేలోకి పోతుంది. నీ తోట కంచె దానికి తెలియదు.

బాబాయి: సరే, కప్పు దగ్గరికే రా. లెక్క నువ్వే వెయ్యి. కప్పుకు ఎంత పొడి?

అమ్మడు: రెండు గ్రాములు.

బాబాయి: కిలోకు 20 మిల్లీగ్రాములుంటే రెండు గ్రాముల్లో 0.04 మిల్లీగ్రాములు. అదంతా కప్పులోకే దిగిందనుకో. మనిషి రోజూ, బతికినంత కాలం తీసుకున్నా ఫరవాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఎఫ్.ఎ.ఓ.ల నిపుణుల కమిటీ ఆ మందుకు చెప్పింది, ఒంటి బరువు కిలోకు 0.08 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి 4.8. అంటే నూట ఇరవై కప్పులు. ఇరానీ హోటల్లో బల్ల వేసుకుని కాపురమున్నవాడు కూడా అన్ని తాగడు!

అమ్మడు: లెక్క తప్పు లేదు. అదే లెక్క ఇంకో మందుకు వేద్దాం. మోనోక్రోటోఫాస్.

బాబాయి: అది టీకి అనుమతి లేని మందు.

అమ్మడు: అనుమతి లేదు గనుక దొరకలేదంటావా? దానికి ఆ కమిటీ చెప్పిన హద్దు 0.0006. అరవై కిలోల మనిషికి రోజుకు 0.036 మిల్లీగ్రాములు. కిలో టీ పొడిలో ఒక్క మిల్లీగ్రాము ఉండి అదంతా దిగితే, పద్దెనిమిది కప్పులకు నిండిపోతుంది. ఇరవై కిలోల పిల్లవాడికి ఆరు కప్పులకే. అదీ అన్నం, కూర, పచ్చడి ఏమీ తినకుండా ఉత్త టీ మీదే బతికితే. వంకాయలోనూ మిరపకాయలోనూ వచ్చేది ఈ లెక్కలో లేదు బాబాయ్.

(ఒకే లెక్క ఒక మందుకు నూట ఇరవై కప్పులిచ్చింది, ఇంకోదానికి పద్దెనిమిది. 'టీలో విషం' అని శీర్షిక పెట్టే పత్రికలూ, 'టీలో ఏమీ లేదు' అని ప్రకటన ఇచ్చే సంఘాలూ ఈ రెండో లెక్క దాకా వెళ్లవు.)

బాబాయి: అయితే మందు మందుకూ హద్దు వేరుగా ఉండాలని నువ్వే ఒప్పుకుంటున్నావు. మరి అన్నిటినీ ఒకే గాటన కట్టి 0.01 అనడమేమిటి? 2006లో జపాన్ అదే చేసింది, 2008 నుంచి యూరపూ అదే. జాబితాలో పేరు లేని మందైతే కిలోకు 0.01 మిల్లీగ్రాములు. వంద టన్నుల టీలో ఒక గ్రాము!

అమ్మడు: జాబితాలో లేదంటే ఆ పంట మీద ఆ మందు ఎంత కొడితే ఎంత మిగులుతుందో పరీక్షల లెక్కలు పట్టుకొచ్చి ఎవరూ అడగలేదని అర్థం. ఈ పరిమితి పెట్టేటప్పుడు ముందు చూసేది, మందు చెప్పిన మోతాదులో కొట్టి, ఆగాల్సిన రోజులు ఆగి కోస్తే ఎంత మిగులుతుందని. ఆ అంకె తినేవాడికి ఫరవాలేదా అన్నది ఆ తర్వాత చూస్తారు. కాబట్టి హద్దు దాటిన సరుకు తాగితే చస్తామని కాదు. తోటలో ఎవరో చెప్పిన మాట వినలేదని.

బాబాయి: ఇది నువ్వు నీ రిపోర్టు కింద రాస్తావా?

అమ్మడు: రాయను. 'ఫెయిల్' అని రాస్తాను.

బాబాయి: అద్గదీ! ఆ మాటకే కంటైనరు వెనక్కొస్తుంది.

అమ్మడు: యూరపు ప్రభుత్వ ల్యాబులు అంత గుడ్డిగా ఏమీ చెయ్యవు. కొలతలో యాభై శాతం అటూ ఇటూ ఉండొచ్చని వదిలేశాకే తప్పు పడతారు. పరిమితి 0.01 ఉండి 0.018 వచ్చిందనుకో, సగం తీసేస్తే 0.009. ఆ సరుకు పోనిస్తారు. కొనేవాడు మాత్రం వదలడు. 0.011 వచ్చినా వద్దంటాడు.

బాబాయి: ఆ అంకె మీద నీకే అంత నమ్మకముందా?

అమ్మడు: టీ ఎంత మొండి పదార్థమో నీకేం తెలుసు! రెండు గ్రాముల పొడి తూచి, నీళ్లతో తడిపి, ఎసిటోనైట్రైల్ పోసి, ఉప్పు వేసి గట్టిగా కుదుపుతాం. పైకి తేలిన ద్రవం చిక్కటి పసరులా ఉంటుంది. కెఫీను, పత్రహరితం, పాలీఫినాల్స్ అన్నీ మందుతో పాటే అందులోకి వచ్చేస్తాయి. అలాగే మెషిన్లోకి పంపితే కెఫీను గోలలో మందు సంకేతం వినపడదు. నల్ల కార్బన్ పొడి వేసి రంగు లాగించాలి. చిటికెడు ఎక్కువైతే ఆ కార్బన్ కొన్ని మందుల్ని కూడా పట్టేసుకుంటుంది. థయామెథాక్సామ్‌కు టీలో 0.01 కాక 0.05 పెట్టడానికి కారణం ఇదే. అంతకన్నా కింద టీలో నమ్మకంగా కొలవలేమని.

బాబాయి: అంటే అది మనిషి ఓర్చుకోగలిగినంత కాదు, మెషిన్ చూడగలిగినంత.

అమ్మడు: అవును. అక్కడ నువ్వన్నది నిజం.

బాబాయి: ఇంకోటి కూడా ఒప్పుకో. మనం టీ పొడి నమలం, కషాయం తాగుతాం. బైఫెంత్రిన్ లాంటివి నీళ్లలో కరగనే కరగవు. పిప్పితో పాటు చెత్తబుట్టలోకి పోతాయి. పచ్చాకు నాలుగు, నాలుగున్నర కిలోలు ఎండితే కిలో పొడి. ఆ చిక్కబడ్డ పొడిని పట్టుకుని కొలిచి, కప్పు తాగేవాడి పేరు చెబుతారు. కప్పులోకి ఎంత దిగుతుందో చూడండని ఎఫ్.ఎ.ఓ. టీ బృందంలో ఉత్పత్తి దేశాలు మొత్తుకుంటూనే ఉన్నాయి.

అమ్మడు: బైఫెంత్రిన్‌కు ఆ వాదన సరిపోతుంది. ఇందాకటి థయామెథాక్సామ్‌కు, ఇమిడాక్లోప్రిడ్‌కు సరిపోదు, అవి చాలా మటుకు నీళ్లలోకి వచ్చేస్తాయి. మోనోక్రోటోఫాస్ అయితే చెప్పనే అక్కర్లేదు. పైగా ఆ ప్రయోగాలు ఎలా చేస్తారు? వేడినీళ్లలో కొన్ని నిమిషాలు నానబెట్టి వడకడతారు. మన దగ్గర డస్టు పొడిని గిన్నెలో వేసి కుతకుతా మరిగిస్తారు. హైదరాబాదులో డికాషను పొయ్యి మీద ఎంతసేపుంటుందో నువ్వు చూడలేదా? సరిహద్దులో అధికారి చేతికొచ్చేది పొడే కాబట్టి పొడినే కొలుస్తారు. ఎవడు ఎలా కాస్తాడో వాడికేం తెలుస్తుంది?

బాబాయి: మరి ఆంత్రాక్వినోన్? దాన్ని ఏ తోటలోనూ ఎవడూ కొట్టలేదు. ఎప్పుడో పిట్టలు గింజలు తినకుండా విత్తనాలకు పట్టించేవారట, అందుకని పురుగుమందుల చట్టంలో పేరుంది. 2014లో టీకి 0.02 అని పెట్టారు. తీరా చూస్తే అది పొగలోంచి వస్తోంది. డ్రయరుకు కట్టెలో బొగ్గో వేస్తాం, గొట్టానికి చిన్న చిల్లి పడితే పొగ ఆకును తాకుతుంది. కొట్టని మందుకు దోషులమయ్యాం.

అమ్మడు: పొగ తగిలిన ఆకు తాగమంటావా? చిల్లి పూడ్చుకోవాలని ఆ అంకె వచ్చాకే గదా తెలిసింది!

(నిజానికి ఈ ఒక్క విషయంలో నేను బాబాయి పక్షమే. పొగ వల్ల వచ్చేదాన్ని కాలుష్యం కింద చూడాలి, పురుగుమందు కింద కాదు. చట్టంలో ఏ గదిలో పడితే ఆ గది తాళమే పడుతుంది. కానీ అమ్మడు ఆగలేదు.)

అమ్మడు: మనది వదిలెయ్. శ్రీలంక చూడు, నీకూ నాకూ దగ్గరి సంగతి. ఉద్దానంలో మన ఇళ్లలోనే ఎంతమంది కిడ్నీలు పోయి డయాలసిస్‌కు తిరుగుతున్నారో నీకు తెలుసు. ఇప్పటికీ ఫలానాది కారణమని తేలలేదు. శ్రీలంకలో రజరట ప్రాంతంలోనూ అంతే, వరి పండించే రైతులకే కిడ్నీలు పోతున్నాయి. గ్లైఫోసేట్ అనే కలుపుమందు మీద అనుమానంతో 2015లో దేశమంతా నిషేధించారు.

బాబాయి: ఆ తర్వాత ఏమైందో కూడా నువ్వే చెప్పు.

అమ్మడు: టీ తోటల్లో కలుపు పెరిగిపోయింది. చేత్తో తీయడానికి కూలీలు చాల్లేదు. చేతికందిన ఇంకో కలుపుమందు కొట్టారు, ఎం.సి.పి.ఎ. దానికి జపాన్ జాబితాలో టీకి అంకె లేదు, కాబట్టి 0.01. అక్కడ పట్టుబడింది. 2018లో టీకి, రబ్బరుకు గ్లైఫోసేట్ మళ్లీ అనుమతించారు.

బాబాయి: నేను మొదటి నుంచీ మొత్తుకునేది ఇదే! ఒక మందు తీసేస్తే పురుగు సన్యాసం పుచ్చుకోదు, కలుపు కాశీకి పోదు. రైతు ఇంకోటి కొడతాడు. ఆ ఇంకోటి గురించి ఎవరి దగ్గరా లెక్క ఉండదు. మనవైపు జీడితోటల్లో టీ దోమను చూశావుగా, లేత చిగురు రసం పీల్చి మాడ్చేస్తుంది. అస్సాంలో టీ మీద పడేది దాని దాయాదే. ఎర్రనల్లి ఒకవైపు, ఆకు తొలిచే గొంగళి ఒకవైపు. వానాకాలంలో దోమ పడితే కోతకు చిగురే ఉండదు. అప్పుడు మేనేజరు కోడెక్స్ పుస్తకం చదువుతాడా?

అమ్మడు: ఆ కథలో నాకు ఇంకోటి కనిపిస్తోంది. రజరటలో కిడ్నీ రోగం వచ్చింది వరి రైతుకు. దాని పేరు చెప్పి మందు ఆపారు. అది మళ్లీ వచ్చింది టీ కోసం. టీ డాలర్లు తెస్తుంది, వరి తేదు. దేశం లోపలి రోగి నోటి కన్నా టోక్యోలో కొనేవాడి రిపోర్టు గట్టిగా వినిపించింది.

బాబాయి: కొనేవాడి నోరు గట్టిదే, మంచిదని ఎవరన్నారు? 2017 డిసెంబరులో రష్యా శ్రీలంక టీ మొత్తాన్ని ఆపేసింది. ఎందుకు? ఒక సరుకులో పురుగు కనిపించిందట. అదే సమయంలో శ్రీలంక ఆస్‌బెస్టాస్ ఆపుదామనుకుంటోంది. దాన్ని అమ్మేది రష్యా. శ్రీలంక ఆస్‌బెస్టాస్ మీద వెనక్కి తగ్గింది, టీకి దారి తెరుచుకుంది. పురుగుదేముంది, అడిగినప్పుడల్లా కనిపిస్తుంది.

అమ్మడు: అది అవశేషాల పరీక్ష కాదు.

బాబాయి: ఆయుధం అదే. పరీక్ష ఏదైతేనేం? ఇంకా వినాలా? పారాక్వాట్ అనే కలుపుమందును యూరపు 2007లోనే నిషేధించింది. ఇంగ్లండులో హడర్స్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ నుంచి మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఓడల మీద బయటి దేశాలకు వెళ్తూ వచ్చింది. తమ పొలాల్లో పనికిరావని తీసేసిన మందుల్ని 2018 ఒక్క ఏడాదిలో ఎనభై ఒక్క వేల టన్నులకు పైగా ఎగుమతికి రాసుకున్నారని 2020లో బయటపడింది. మందు అమ్మేదీ వాళ్లే, ఆ మందున్న టీ వద్దనేదీ వాళ్లే.

అమ్మడు: ఇక్కడ నీతో పోట్లాడను. తెలంగాణలో ఆ పారాక్వాట్ తాగినవాళ్లను కాపాడలేక డాక్టర్లే దాన్ని నిషేధించండని అడిగారు. కానీ ఒకటి అడుగుతాను. వాళ్లు అమ్మితే మనం కొనాలా? మన దగ్గర టీ తోటలో కలుపుకు పారాక్వాట్ కొట్టొచ్చని అనుమతి ఇచ్చింది ఎవరు? హడర్స్‌ఫీల్డ్ వాడా?

బాబాయి: ...

అమ్మడు: ఇంకోటి. మన దేశంలో పండే టీలో నూటికి ఎనభై పాళ్లు మనమే తాగుతాం. నువ్వు ఇంతసేపూ మాట్లాడింది మిగతా ఇరవై గురించే. యూరపులో హాంబర్గ్‌కు పోయే సరుకుకు ముందు పరీక్ష, ఏ తోటదో తెలుసు, ఏ రోజు ఏ మందు కొట్టారో పుస్తకం ఉంది. శ్రీకాకుళం బస్టాండులో మరిగే పొడికి ఏ పుస్తకం ఉంది?

బాబాయి: 2014లో గ్రీన్‌పీస్ వాళ్లు చూశారుగా.

అమ్మడు: చూశారు. దుకాణాల్లో కొన్న నలభై తొమ్మిది ప్యాకెట్లలో నూటికి తొంభై నాలుగింటిలో ఏదో ఒక మందు ఉంది. నువ్వు అనుమతే లేదన్న మోనోక్రోటోఫాస్ కూడా అందులో ఉంది.

బాబాయి: అన్నీ భారతీయ చట్టానికి లోబడే ఉన్నాయని టీ బోర్డు చెప్పింది.

అమ్మడు: అప్పటికి మన చట్టంలో టీకి అంకె ఉన్న మందులెన్ని? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గీతే లేని చోట గీత దాటలేదని చెప్పడం పెద్ద గొప్పా? ఏ మందులు కొట్టొచ్చో చెప్పే నియమావళిని టీ బోర్డు తెచ్చింది ఆ ఏడాదే. ఆహార భద్రతా సంస్థ ఇంకో ఐదు మందులకు టీలో అంకెలు పెట్టింది 2023లో. ఈ కదలిక వెనక బయటివాడి 'ఫెయిల్' కాగితం ఉంది. అది అన్యాయంగా రాసిన కాగితమే కావచ్చు. మనం రాసుకున్న కాగితం ఒక్కటీ లేనప్పుడు దాన్ని తిట్టే హక్కు ఎక్కడిది?

బాబాయి: తిట్టడం లేదు తల్లీ. ఆ కాగితం ఎవరి మెడకు చుట్టుకుంటుందో చెబుతున్నాను. పెద్ద తోటలకు ల్యాబు ఖర్చు లెక్క కాదు. ఇప్పుడు దేశంలో సగానికి పైగా టీ చిన్న రైతుల ఆకుతో వస్తోంది. పాతికెకరాల లోపు వాళ్లంతా చిన్న రైతులే, చాలామందికి ఎకరమో రెండో. సొంత ఫ్యాక్టరీ లేదు. ఏజెంటు వ్యాను వస్తుంది, వల సంచుల్లో ఆకు తూకం వేసుకుంటాడు. పది ఇళ్ల ఆకు, యాభై ఇళ్ల ఆకు ఒకే వ్యానులో. ఫ్యాక్టరీకి చేరేసరికి ఎవరిది ఏదో దేవుడికి కూడా తెలియదు. ఒక్కడు తప్పు మందు కొడితే లాటంతా పోతుంది. అందుకే 2024లో అస్సాంలో ఆకు కొని టీ చేసే ఫ్యాక్టరీల సంఘం జూన్ 1 నుంచి చిన్న రైతుల ఆకు కొనేది లేదంది. నీ 0.05 కోసం మొదట రోడ్డున పడేది ఆ ఎకరం రైతు.

అమ్మడు: అంతకన్నా ముందు పడేవాడొకడున్నాడు. మందు కొట్టేవాడు. వాడి ఒంటి మీద ఎన్ని మిల్లీగ్రాములు ఉండొచ్చో ఏ హాంబర్గ్ కాగితంలో రాసుంది? నీ తోటలో తొడుగులిచ్చేవాళ్లా?

బాబాయి: ఇచ్చేవాళ్లం. స్టోరులో ఉండేవి. అస్సాం ఎండలో, ఆ ఉక్కలో రబ్బరు కోటు వేసుకుని వీపున ట్యాంకు మోయమంటే ఎవడు మోస్తాడు? ఆడిటు వచ్చిన రోజున వేసుకునేవాళ్లు. మా తోట కూలీల లైన్లలో కొందరి తాతముత్తాతలు గంజాం, విశాఖ ఏజెన్సీల నుంచి వెళ్లినవాళ్లే. వాళ్లకు నా మాట యాస అర్థమయ్యేది. ట్యాంకు కారి వీపు తడిస్తే గుడ్డతో తుడుచుకుని మళ్లీ మోసేవాళ్లు. ఆ విషయంలో నేను వాదించను.

(ఈ మొత్తం వ్యవహారంలో నాకు కనిపించే పెద్ద ఖాళీ ఇదే. టీ పొడికి వందల అంకెలున్నాయి. ఆ జాబితాలో వీపు తడిసినవాడికి ఒక్కటీ లేదు. వర్తకం సరుకును మాత్రమే తూస్తుంది గనుక వర్తకం రాసిన నిబంధనలో మనిషి రాడు. అయినా ఒక మందు సరుకులో ఉండకూడదంటే అది ట్యాంకులోకీ రాకూడదు. అమ్మడి వాదానికి నేను మొగ్గేది అందుకే, ఆమె చెప్పిన తేనెటీగల వల్ల కాదు.)

బాబాయి: చివరికి పని ఎలా జరగాలో చెప్పు. పచ్చాకు నిలవుండదు. పొద్దున కోసింది రాత్రికి వాడబెట్టే తొట్టిలో పడాలి, మర్నాటికి మెషిన్లో ఉండాలి. నీ పరీక్షకు ఎంతసేపు?

అమ్మడు: నమూనా చేతికొచ్చాక, ల్యాబు ఖాళీగా ఉంటే ఒక రోజు.

బాబాయి: ల్యాబు పక్క వీధిలో ఉంటే! రిపోర్టు వచ్చేసరికి ఆకు టీ అయిపోయి బస్తాల్లో కూర్చుంటుంది.

అమ్మడు: ఆకును ఆపక్కర్లేదు. వ్యాను ఎక్కే ముందే ప్రతి రైతు ఆకులోంచి గుప్పెడు తీసి, సంచి మీద పేరు, తేదీ రాసి ఫ్రీజరులో దాచండి. పరీక్ష తయారైన లాటుకు చెయ్యండి. లాటు తప్పితేనే ఆ గుప్పెళ్లు తెరవండి. నిజంగా ఎవరు కొట్టారో వాళ్లే దొరుకుతారు, ఊరంతా కాదు.

బాబాయి: ఏజెంటు పేరు రాయనిస్తాడా? ఎవరి ఆకు ఎవరిదో తెలియకపోవడమే వాడి వ్యాపారం. తెలిస్తే ఫ్యాక్టరీ నేరుగా రైతునే పిలుస్తుంది.

అమ్మడు: రాయనివ్వని వాడి ఆకు కొనొద్దు.

బాబాయి: పక్క ఫ్యాక్టరీ కొంటుంది.

అమ్మడు: ఆ పక్క ఫ్యాక్టరీ టీ ఎక్కడికి పోతుంది? వేలానికేగా? వేలం గుమ్మం దగ్గర పట్టుకోండి.

బాబాయి: అన్నీ వేలానికి రావమ్మా. బయట బయటే అమ్మేసేది బోలెడు. ఉత్తరాది ఫ్యాక్టరీల డస్టు టీ నూటికి నూరు పాళ్లు వేలంలోనే అమ్మాలని 2024లో ఉత్తర్వు తెచ్చారనుకో. కానీ అది డస్టుకే.

అమ్మడు: మనం తాగేది డస్టే బాబాయ్.